పాయింట్ టూ టూ రైఫిల్: ఒక సన్నని ఇత్తడి అంచు నిర్ణయించేవి

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట బెలూన్లు కట్టిన పలకల ముందు పిల్లలూ పెద్దలూ గుమిగూడతారు. అక్కడ భుజానికి ఆనించి పేల్చే తుపాకీలో మందు ఉండదు. బిగబట్టిన గాలే చిన్న సీసపు గుళికను ముందుకు తోస్తుంది. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీలో (మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి కాల్చే పోటీ) 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు స్వప్నిల్ కుసాలే చేతిలో ఉన్నది వేరే రకం. అది మందూ తూటా ఉన్న అసలు రైఫిల్. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో గగన్ నారంగ్ కాంస్యం గాలి రైఫిళ్లతో వచ్చినవి. .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో, అంటే అంచు మీద దెబ్బతో పేలే చిన్న తూటా వాడే రైఫిల్‌తో, మన దేశానికి దక్కిన తొలి ఒలింపిక్ పతకం కుసాలేదే.

ఆ పతకం తరవాత చాలా ఇళ్లలో ప్రశ్నలు మొదలయ్యాయి. బీచ్‌లో పేల్చేదీ ఇదీ ఒకటేనా? అమ్మాయికి నేర్పిద్దామంటే ఏది కొనాలి, లైసెన్సు కావాలా? తాతగారి కాలం నాటి రైఫిల్ బీరువాలో ఉంది, దాన్ని దాచుకోవచ్చా? కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో బోర్లా పడుకుని 25 గజాల దూరంలోని కాగితం మీద ఐదు తూటాలు పేల్చిన నాటి నుంచి నాకు ఈ చిన్న రైఫిల్ అంటే ఇష్టం. అందుకే ఈ చిక్కుముడిని మొదటి నుంచీ విప్పి చూపాలనిపించింది.

‘22 బోర్’ 12 బోర్ కంటే పెద్దదా?

గందరగోళం పేరులోనే మొదలవుతుంది. మన దగ్గర పొలాల కాపలాకు, ఇంటి రక్షణకు ఎక్కువగా విన్న పేరు 12 బోర్. దాని లెక్క పాతకాలపుది. ఒక పౌను సీసాన్ని, అంటే సుమారు 454 గ్రాములను, 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. అది దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

.22 లెక్క వేరు. ముందున్న చుక్కే దానికి ప్రాణం. అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే 5.6 మిల్లీమీటర్లు. వాడుకలో చుక్క జారిపోయి ‘22 బోర్’ అయింది. ఎన్‌సీసీలో మాత్రం ‘పాయింట్ టూ టూ’ అని చుక్కతో సహా పలుకుతారు, అదే సరైన మాట. రెండు పేర్లూ రెండు వేర్వేరు కొలబద్దల మీద పుట్టినవి కాబట్టి 22నూ 12నూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

నిప్పు ఎక్కడ దాగి ఉంటుంది?

సాధారణంగా రైఫిల్ తూటాలో నాలుగు భాగాలు: ముందు సీసపు గుండు, వెనక ఇత్తడి గుల్ల, గుల్లలో మందు, ఆ మందును అంటించే రసాయనం. ఆ రసాయనం ఉండే చోటును బట్టి తూటాలు రెండు రకాలు. గుల్ల అడుగున నట్టనడుమ చిన్న మూతలా అమర్చితే అది సెంటర్‌ఫైర్. సైనిక రైఫిళ్లన్నీ ఇంచుమించు ఈ రకమే. అడుగు అంచును మడిచి, ఆ మడతలో రసాయనాన్ని నింపితే రిమ్‌ఫైర్. రిమ్ అంటే అంచు.

మన ఇళ్లలోని స్టీలు గ్లాసు అంచును చూడండి. రేకును మడిచి ఉంటుంది. .22 తూటా అడుగున కూడా అలాంటి మడతే ఉంటుంది. తయారీలో తడిగా ఉన్న రసాయనాన్ని గుల్లలో వేసి గిర్రున తిప్పుతారు. ఆ వేగానికి అది అంచు మడతలోకి పాకి, ఆరాక అక్కడే అతుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే రైఫిల్‌లోని ఫైరింగ్ పిన్ అంచు మీద కొడుతుంది. మడత నలుగుతుంది, రసాయనం నిప్పు రాజేస్తుంది, మందు అంటుకుంటుంది.

చదువరులు గుర్తుంచుకోవలసింది ఈ నలగడమే. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. పలచని ఇత్తడి పెద్ద వత్తిడిని భరించలేదు. అందుకే .22 లాంగ్ రైఫిల్ తూటాలో గరిష్ఠ వత్తిడిని చదరపు అంగుళానికి 24,000 పౌన్ల దగ్గర ఆపారు. ఆధునిక సైనిక తూటాల్లో అది ఇందుకు రెట్టింపు పైనే. వత్తిడి తక్కువ కాబట్టి వేగం తక్కువ, భుజం మీద తన్ను దాదాపు లేదు, చప్పుడూ తక్కువే. నలిగిన అంచును మళ్లీ నింపడం కుదరదు కాబట్టి, సెంటర్‌ఫైర్ గుల్లల్లా ఈ గుల్లలు మరోసారి పనికిరావు. కార్ఖానా ఇచ్చిన తూటాతోనే మన గురి ముడిపడి ఉంటుంది. ఎంపిక దగ్గరా, సేకరణ దగ్గరా, చట్టం దగ్గరా మళ్లీ మళ్లీ ఈ అంచు దగ్గరికే వస్తాం.

దీని పుట్టుక కూడా ముచ్చటైనది. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో లూయీ ఫ్లోబేర్ ఇంటి హాలులో సరదాగా గురి చూసి కాల్చుకునేందుకు ఒక చిన్న రిమ్‌ఫైర్ తూటా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ తమ తొలి రివాల్వర్ కోసం .22 షార్ట్ తెచ్చింది. 1887లో స్టీవెన్స్ సంస్థ .22 లాంగ్ రైఫిల్‌ను రూపొందించింది. నేటికీ ఒలింపిక్స్‌లో పేలుతున్నది అదే. బీచ్‌లో బెలూన్ల పలక ముందు నిలబడిన పిల్లవాడి సరదా, ఫ్లోబేర్ గారి హాలులోని సరదా ఒకే కుదురులోనివి.

లావు ఒకటే, బలం వేరు

సైనికుల ఇన్సాస్ రైఫిల్ తూటా 5.56 మిల్లీమీటర్లు, .22 రైఫిల్‌ది 5.6. ‘అయితే రెండూ ఒకటే కదా’ అని చాలామంది పొరబడతారు. చిన్న లెక్క వేసి చూద్దాం. గుండు బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు గుణిస్తే దాని శక్తి జౌళ్లలో వస్తుంది. బరువు కిలోల్లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకోవాలి.

పోటీల్లో వాడే .22 గుండు బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. శక్తి 140 జౌళ్ల పైచిలుకు. ఇన్సాస్ గుండు 4 గ్రాములు, వేగం సుమారు 900 మీటర్లు. శక్తి 1,620 జౌళ్లు, అంటే పదకొండు రెట్లు. పది మీటర్ల పోటీలోని గాలి రైఫిల్ గుళిక అర గ్రాము, వేగం 175 మీటర్ల చుట్టూ. దాని శక్తి 8 జౌళ్లు కూడా దాటదు.

కాబట్టి .22 రైఫిల్ గాలి తుపాకీకి అన్న కాదు, సైనిక రైఫిల్‌కు తమ్ముడూ కాదు. అయితే ఈ 140 జౌళ్లను చులకన చేయకూడదు. ఆ గుండు కిలోమీటరు దాటి ప్రయాణించగలదు, ప్రాణం తీయగలదు. ‘చిన్న తుపాకీయే కదా’ అన్న మాట ఎక్కడ విన్నా నా మనసు ఒప్పుకోదు.

.22 కుటుంబంలో కూడా తేడాలున్నాయి. షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడింటి గుల్లల లావు ఒకటే, తూటా మొత్తం పొడవులోనూ గుండు బరువులోనూ తేడా. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ గుల్ల లావు వేరు. లాంగ్ రైఫిల్‌కు చేసిన గదిలో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, అది పట్టదు. మాగ్నమ్ గదిలో లాంగ్ రైఫిల్ తూటా పెడితే వదులుగా ఉండి ఇత్తడి చీలిపోయే ప్రమాదం ఉంది. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ కూడా రిమ్‌ఫైరే, గుండు ఇంకా సన్నం. పేరులో 22 ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. గొట్టం మీద చెక్కిన అక్షరాలదే తుది మాట.

ఎంపికలో రైఫిల్ కంటే ముందు తూటా

కొత్తగా వచ్చేవారు సాధారణంగా ఏ కంపెనీ రైఫిల్ మంచిదని అడుగుతారు. అనుభవజ్ఞులు ఏ తూటా దొరుకుతుందని ఎదురు అడుగుతారు. దాని వెనక ఒక లెక్క ఉంది.

యాభై మీటర్ల పోటీ కాగితం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. సెకనుకు 330 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు అక్కడికి చేరడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమి దాన్ని పన్నెండు సెంటీమీటర్లకు పైగా కిందికి లాగుతుంది. గురి చూపే పరికరాన్ని ఆ మేరకు సరిచేసి ఉంచుతారు కనుక అది సమస్య కాదు. తరవాతి తూటా 320 మీటర్ల వేగంతోనే బయలుదేరితే ఏమవుతుంది? అదనంగా మరో ఏడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మనిషి చేయి వణకలేదు, ఊపిరి కదలలేదు, అయినా పాయింటు పోయే ప్రమాదం వచ్చింది. అంచులో రసాయనం రవ్వంత ఎక్కువ తక్కువగా పాకితే చాలు, వేగంలో ఈ తేడా వచ్చేస్తుంది.

అందుకే పోటీ క్రీడాకారులు ఒకే కంపెనీ తూటాల్లోనూ ఒక్కో తయారీ విడతను, అంటే లాట్‌ను, తమ రైఫిల్‌తో విడివిడిగా పరీక్షించుకుంటారు. నచ్చిన లాట్ దొరికితే సీజనుకు సరిపడా తీసి పెట్టుకుంటారు. ఖరీదైన రైఫిల్‌కు పడని తూటా, మామూలు రైఫిల్‌లో అద్భుతంగా పని చేసిన సందర్భాలు ఈ ఆటలో కొత్త కాదు.

ఎక్కువ వేగం ఉంటే మేలు కదా అనిపిస్తుంది. ఇక్కడే ఇంకో మెలిక. గాలిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు, విశాఖ ముప్పై డిగ్రీల ఎండలో 349 దాకా ఉంటుంది. దాన్ని మించి బయలుదేరిన గుండు దారిలో మందగించి శబ్దవేగం కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది. గురి చెదురుతుంది. పోటీ తూటాలను కావాలనే శబ్దవేగానికి కొంచెం కింద ఉంచుతారు. హై వెలాసిటీ అని పెట్టె మీద రాసినవి సెకనుకు 380 మీటర్ల దగ్గర ఉంటాయి. కాగితం మీద పోటీకి అవి అంతగా నప్పవు.

ఇక మన ఊరి సముద్రపు గాలి. గంటకు పది కిలోమీటర్ల పక్కగాలి యాభై మీటర్లలో ఈ గుండును దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు జరుపుతుంది. పది వలయం వెడల్పు కంటే అదే ఎక్కువ. గోడల మధ్య పది మీటర్ల గాలి రైఫిల్ నేర్చినవారికి ఆరుబయట ఇదో కొత్త చదువు.

మొదట గాలి రైఫిలా, .22నా?

శిక్షకుల్లో దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. గాలి రైఫిల్‌తోనే మొదలుపెట్టాలనేవారి వాదన బలమైనదే. గుళికలు చవక, ఇంటి వసారాలో పది మీటర్ల జాగా చాలు. గుళిక నెమ్మదిగా గొట్టం దాటుతుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కాక కూడా కదలకుండా ఉండే నిగ్రహం అలవడుతుంది. .22తో త్వరగా మొదలుపెట్టాలనేవారు గాలిని చదవడం, బోర్లా పడుకునీ మోకాలి మీదా నిలబడీ కాల్చడం, ఎండావానల్లో గంటల తరబడి నిలకడగా ఉండడం ఆరుబయట తప్ప రావని అంటారు. నా మటుకు పదిహేను పదహారేళ్ల పిల్లలకు గాలి రైఫిలే సరైన ఆరంభం అనిపిస్తుంది. చట్టం కూడా ఆ వైపే మొగ్గింది, ఆ సంగతి కింద వస్తుంది.

రైఫిల్ వద్దకు వస్తే, పోటీ రకాలు బరువైనవి. ఎనిమిది కిలోల వరకూ అనుమతి. చెంప ఆనే చోటు, భుజం ఆనే చోటు అన్నీ మనిషి కొలతకు సర్దుకునేలా ఉంటాయి. ఈ రంగంలో 1856లో మొదలై రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఉల్మ్ నగరంలో మళ్లీ నిలదొక్కుకున్న జర్మనీ సంస్థ ఆన్‌షుట్జ్ పేరు ముందుంటుంది. వాల్టర్, ఫైన్‌వెర్క్‌బౌ కూడా జర్మనీవే. తేలికైన స్పోర్టర్ రకాలు మూడు కిలోల దరిదాపుల్లో ఉంటాయి. నేర్చుకోవడానికి, సరదా సాధనకు అవి చాలు. రెండింటిలోనూ చేత్తో బోల్టును వెనక్కి లాగి ఒక్కో తూటా మార్చే పద్ధతే ఎక్కువ. తనంతట తాను తూటా మార్చుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను మన ఆయుధ నియమాలు వేరే వర్గంలో, మరింత కట్టుదిట్టంగా చూస్తాయి. అమెరికాలో 1964 నుంచి ఇంటింటి వస్తువైన రూగర్ 10/22 గురించి చదివి ఇక్కడ ఆశపడేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

పాత రైఫిళ్లలో సేకరణకర్తలు వెతికేది

ఒక్కో పాత .22లో ఒక్కో ఆలోచన దాగి ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ చేసిన మార్టినీ రైఫిల్‌నే తీసుకోండి. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టినీ హెన్రీ యంత్రాంగానికి అది చిన్న రూపం. కింది మీటను దించితే లోపలి దిమ్మె కిందికి వాలి తూటా పెట్టే దారి తెరుచుకుంటుంది. సైన్యం ఆ పద్ధతిని ఎప్పుడో వదిలేసినా, గురి పోటీల్లో అది దశాబ్దాలు నిలిచింది. ట్రిగ్గర్ నొక్కిన క్షణానికీ దెబ్బ పడే క్షణానికీ మధ్య వ్యవధి అందులో చాలా తక్కువ.

ఎన్‌సీసీ కుర్రాళ్ల తరాలు మోసిన నంబర్ టూ మార్క్ ఫోర్ కథ ఇంకోటి. అది చూడడానికి నిండైన లీ ఎన్‌ఫీల్డ్ .303 సైనిక రైఫిల్. గొట్టం మాత్రం .22. ఖరీదైన సైనిక తూటాలు తగలేయకుండా అదే బరువుతో, అదే బోల్టుతో కొత్తవారికి నేర్పాలన్నది దాని వెనక ఆలోచన. ఒక్కో తూటా చేత్తో పెట్టాలి. కిందనున్న మ్యాగజీన్ పెట్టె లోపల ఏమీ ఉండదు, పేలిన గుల్లలు అందులో రాలి పడతాయి. అమెరికా వించెస్టర్ 52, చెక్ దేశపు బ్రనో, రష్యా తూలా కార్ఖానా టోజ్ 8 వంటివాటికి కూడా ఇలాంటి చరిత్రలే ఉన్నాయి.

విలువ కట్టేటప్పుడు మొదట గొట్టం లోపలికి చూస్తారు. 1920ల దాకా చాలా తూటాల్లోని రసాయనం పేలాక ఒక రకమైన ఉప్పును మిగిల్చేది. ఉప్పు తేమను పీలుస్తుంది, తేమ తుప్పు పట్టిస్తుంది. .22లో మందు తక్కువ, రసాయనం పాలు ఎక్కువ కాబట్టి దెబ్బ మరీ గట్టిగా తగిలేది. బయట నిగనిగలాడే యుద్ధపూర్వ రైఫిల్ లోపల గుంటలు పడి ఉండడానికి తరచు ఇదే కారణం. తరవాత చూసేది తూటా గది అంచు. తూటా లేకుండా పదేపదే ట్రిగ్గర్ నొక్కితే కొన్ని పాత రైఫిళ్లలో పిన్ నేరుగా గది అంచును కొట్టి గాటు పెడుతుంది. ఆపైన వరస సంఖ్య, కార్ఖానా ముద్రలు, అసలు కర్ర.

కర్రకు కొత్త పాలిష్ కొట్టి, లోహానికి మళ్లీ నీలి పూత వేయిస్తే ఇల్లాలు మెచ్చుకోవచ్చు గాని సేకరణకర్త పెదవి విరుస్తాడు. ఆనవాళ్లు చెరిగిన వస్తువు చరిత్ర చెప్పలేదు. విశాఖలో అసలు పరీక్ష ఉప్పుగాలిదే. కిటికీ ఊచలు తినేసే గాలి నీలి పూతను వదలదు. తోలు, ఉన్ని తొడుగులు తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిలో ఏళ్ల తరబడి ఉంచిన రైఫిల్ పై భాగం కంటే తొడుగు తగిలిన చోటే ముందు తుప్పు పడుతుంది.

చట్టంలో పేరు పెట్టి చెప్పిన రైఫిల్

ఆయుధాల చట్టం 1959లో .22 రైఫిల్ ప్రస్తావన విడిగా ఉంది. సెక్షన్ 13(3) ప్రకారం, కేంద్రం గుర్తించిన లేదా లైసెన్సు ఇచ్చిన రైఫిల్ క్లబ్బులోనో సంఘంలోనో సభ్యులైనవారు గురి సాధన కోసం .22 రైఫిల్‌కు దరఖాస్తు చేస్తే, నిరాకరించడానికి చట్టంలో చెప్పిన కారణాలేవీ లేనప్పుడు లైసెన్సు ఇవ్వాలి. ఇతర రైఫిళ్లకు మాత్రం తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. వేట అనే కారణం ఎలాగూ చెల్లదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత ఆ దారి మూసుకుపోయింది. కమిషనరు ఉన్న నగరాల్లో జిల్లా మెజిస్ట్రేటు అధికారం పోలీసు కమిషనరుదే, విశాఖకూ అదే వర్తిస్తుంది. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం సురక్షిత వాడకంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం కూడా కావాలి.

గాలి తుపాకుల్లో .177 బోరు, 20 జౌళ్లు మించనివాటికి లైసెన్సు అక్కరలేదు. పై లెక్కలో 8 జౌళ్లు అన్నాం, గుర్తుందిగా.

సేకరణకు పెద్ద మలుపు 2019 సవరణ. అంతకుముందు ఒకరు మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. ప్రభుత్వం ప్రవేశపెట్టిన బిల్లులో ఒకటే అన్నారు, చివరికి రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ రెండింటిలోనే లెక్క. 2020లో కేంద్రం క్రీడాకారులకు వెసులుబాటు పెంచింది. అంతర్జాతీయ పతక విజేతలు, పేరుపొందిన షూటర్లు మినహాయింపు కింద గరిష్ఠంగా 12 దాకా ఉంచుకోవచ్చు.

ఈ రెండు అనే అంకె మీద వాదన ఇంకా చల్లారలేదు. తుపాకులు తక్కువైతే ప్రమాదాలు, పెళ్లి ఊరేగింపుల్లో కాల్పులు, దొంగల చేతికి చిక్కే అవకాశాలు తగ్గుతాయని సమర్థించేవారు అంటారు. నేరాలకు వాడేవి ఎక్కువగా లైసెన్సు లేని నాటు తుపాకులేననీ, చట్టబద్ధ యజమాని బీరువాలోని మూడో రైఫిల్‌ను తగ్గిస్తే వాటిపై ప్రభావం ఉండదనీ, పాత పనితనం తుక్కు పాలవుతుందనీ ఎదుటివారు అంటారు. మొదటి వాదనలోని జాగ్రత్త నాకు అర్థమవుతుంది. అయితే పేల్చే ఉద్దేశమే లేని చారిత్రక వస్తువును మామూలు ఆయుధంతో సమానంగా లెక్కించడం వల్ల నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. పేలే స్థితిని పూర్తిగా కోల్పోయిన, మరమ్మతుకూ లొంగని పురాతన ఆయుధాలకు సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. కాని మంచి .22 అలా సులువుగా చచ్చిపోయే రకం కాదు. నూరేళ్లదైనా పేలుతూనే ఉంటుంది.

మహారాణిపేటలో ఒక ఇల్లు, మూడు తుపాకులు

2019 చివరి నాటి ఒక ఊహ చేద్దాం. మహారాణిపేటలో 72 ఏళ్ల పెద్దాయన. ఆయన లైసెన్సు మీద ఒక 12 బోర్, ఒక రివాల్వర్, తండ్రి నుంచి వచ్చిన బీఎస్‌ఏ మార్టినీ .22 ఉన్నాయి. 2019 సవరణ తరవాత మూడోదాన్ని ఏడాదిలోగా పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు .22నే వదులుకోవాలనిపిస్తుంది, దానితో ‘పని లేదు’ కాబట్టి.

ఆయనకు ఇరవై నాలుగేళ్ల మనవరాలు ఉందనుకోండి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో సభ్యురాలు, గాలి రైఫిల్‌తో రెండేళ్లు సాధన చేసింది. రెండు అనే పరిమితి మనిషికి గాని ఇంటికి కాదు. నియమాల్లోని 25వ నిబంధన ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, జీవించి ఉండగానే చట్టబద్ధ వారసులకు మార్చే వీలుంది. సెక్షన్ 13 ఆమె లాంటి సభ్యుల కోసమే .22 పేరెత్తింది. అవసరమైన వయసు 21, అదీ దాటింది. మనవరాలు వారసురాలిగా అర్హురాలైతే, శిక్షణ పత్రంతో తన పేర దరఖాస్తు చేయవచ్చు. అనుమతి చేతికి వచ్చేదాకా రైఫిల్ ఆమె దగ్గర ఉండకూడదు. అది తాతగారి లైసెన్సు మీదో, డిపాజిట్‌లోనో ఉండాలి.

బీరువా అడుగున ముత్తాతగారి కాలపు తూటాల పెట్టె దొరికితే దాన్నీ వదిలేయకూడదు, తూటాలకూ లైసెన్సు వర్తిస్తుంది. ఆ పెట్టెను డీలరుకు అప్పగించి, రైఫిల్‌ను తెలిసిన ఆర్మరర్‌కు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి, చూపించాక, గొట్టం మీద ఏ అక్షరాలున్నాయో చదివి, వాటికి సరిపోయే తూటాలు ఒకే లాట్‌లో కొంటే ఆ అమ్మాయి సాధన మొదలుపెట్టవచ్చు.